చెరువుల లెక్క నీరటి ఇంట్లో ఉంది

“సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రాన్ని ఊళ్లతో, పర్యావరణంతో ముడిపెట్టే పరిశోధనల వల్ల మామూలు జనానికి ఏమైనా ఒరుగుతుందా?” అని ఒకరు అడిగారు. విడి భాగాలను కాక, అవి ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో చూసే శాస్త్రం అది. ఒరుగుతుంది. కానీ నీరటిని, అంటే చెరువు నీళ్లను చూసుకునే మనిషిని, అడక్కుండా తయారుచేసిన లెక్కల మోడల్ ఏదీ హైదరాబాద్‌లో పనికిరాదని నా గట్టి నమ్మకం.

మాది ఉప్పల్ వైపు, రెండు చెరువుల మధ్య కాలనీ. పై చెరువు నిండితే ఆ నీళ్లు మా గల్లీ చివర నాలాలోంచే కింది చెరువుకు పోవాలి. 2020 అక్టోబర్ 13న ఒకటే వాన. ఫోన్‌కు ‘భారీ వర్షాలు’ అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, మా గల్లీలోకి నీళ్లు ఎప్పుడొస్తాయో మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. రాత్రి ఎనిమిదింటికి పక్కింటి తాత గొడుగు పట్టుకుని నాలా దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన తండ్రి ఆ చెరువుకు నీరటి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎన్ని నీళ్లో తేల్చడం ఆ ఇంటి పనే. నన్ను పిలిచి టార్చి కొట్టమన్నాడు. రోజూ నల్లగా పారే నాలా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. దాని మీద గుర్రపు డెక్క గుత్తులు, వేళ్లతో సహా, తేలుకుంటూ వస్తున్నాయి.

“నాలాల డెక్క యాడ మొలుస్తది బిడ్డా? ఇది పై చెరువుది. మత్తడి దుంకింది. కింది చెరువు నిన్ననే నిండె, ఈ నీళ్లకు పోనీకి జాగ లేదు, ఎనక్కి తంతయి. ముందు అమ్మను మీదికి ఎక్కియ్యి” అన్నాడు. మత్తడి దుంకడం అంటే చెరువు నిండి అలుగు మీంచి నీళ్లు పొర్లడం.

అమ్మను, గ్యాస్ సిలిండర్‌ను, బియ్యం డబ్బాను పై వాటాకు చేర్చేసరికి పదయింది. పదకొండు కాకముందే నీళ్లు గడప దాటాయి. తెల్లారి చూస్తే గోడ మీద బురద చార నా నడుం ఎత్తున ఉంది.

ఈ శాస్త్రం చెప్పేదీ అదే. ఏ చెరువును విడిగా చూసినా ప్రమాదం కనబడదు, చెరువుల గొలుసు మొత్తం చూస్తేనే కనబడుతుంది. నాలుగు రోజులకే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగాయి. ఆ గొలుసు సంగతి దాని పక్కన బతికేవాళ్లకే బాగా తెలుసు. అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ గారు నేపాల్‌లో రైతులు సొంతంగా నడుపుకునే కాలువలు సర్కారు కాలువల కంటే బాగా నడుస్తున్నాయని చూపించారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు, ఆ విభాగంలో అందుకున్న మొదటి మహిళ ఆవిడే. కాలువ కింద బతికే మనిషి తెలివిని పరిశోధనలో లెక్కలోకి తీసుకున్న మనిషి కాబట్టి నాకు ఆవిడంటే అంత గౌరవం.

ఇక్కడేమో చెరువు బాగు అంటే వాకింగ్ ట్రాక్, ఫౌంటెన్, రంగు లైట్లు. పైనుంచి నీళ్లొచ్చే కాలువ మీద షెడ్లు వేశారని ఒక ఆఫీసుకు మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడోసారి కట్ట మీద బెంచీలు వేసి పోయారు. కూర్చోవడానికి మాకు అరుగులు లేవా? ఏళ్ల తరబడి మురుగు కలిసిన చెరువు ఒక్కసారి ఆకుపచ్చగా తిరిగితే, తర్వాత మురుగు కొంచెం తగ్గించినంత మాత్రాన తేటపడదు. లోతు తక్కువ చెరువుల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న మాట ఇది. ఫౌంటెన్ పెట్టేవాళ్ల చెవికి ఎక్కదు.

తాత చెప్పేవన్నీ ఇప్పుడు ఒక నోటుబుక్కులో రాస్తున్నాను: ఏ మత్తడి దుంకితే ఎంతసేపటికి ఎక్కడికి నీళ్లొస్తాయి, ఏ కాలువ ఏ ఫంక్షన్ హాల్ కింద పోయింది. పదకొండు పేజీలయ్యాయి. ఇలాంటి పరిశోధన చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే అడగండి, పుస్తకం ఇస్తాను, ఆయన దగ్గరికీ తీసుకెళ్తాను. త్వరగా రండి, తాతకు ఎనభై దాటాయి.