పెరట్లో ఆరు స్కూటర్లు, చెప్పకుండా తీసిన డిపాజిట్టు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. నాకు 56 ఏళ్లు. బడిలో తెలుగు చెబుతాను. మావారు ఓడల మరమ్మతు పనిలో ఫిట్టరుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. మొదట వాళ్ల నాన్నగారి లాంబ్రెట్టా స్కూటరు బాగు చేస్తానంటే సంతోషించాను. ఇప్పుడు పెరట్లో ఆరు స్కూటర్లు, ఒక జావా మోటారు సైకిలు ఫ్రేము, పొలాల్లో నీళ్లు తోడే పాత ఆయిల్ ఇంజను, రెండు కుట్టు మిషన్లు ఉన్నాయి. ఆయిల్ ఇంజనును తెచ్చి తులసి కోటకు ఆనించారు. పొద్దున దీపం పెట్టాలంటే ఒదిగి నిలబడాల్సి వస్తోంది. గత నెల బ్యాంకు పుస్తకం చూస్తే 2,40,000 రూపాయల డిపాజిట్టు గడువుకు ముందే తీసేశారని తెలిసింది. అడిగితే "సామాన్లకు అయింది" అన్నారు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, "నాన్నను పది రోజులు మా ఇంటికి పంపించు, ఈలోగా తుక్కు కొనేవాళ్లను పిలిచి అంతా తీయించేస్తాను" అంటున్నాడు. మొన్న రాత్రి పదకొండు గంటలకు ఒక స్కూటరు స్టార్టయింది. "ఒకసారి బయటికి రా" అని పిలిచారు. నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఇది జబ్బా? అబ్బాయి చెప్పినట్టు చేయమంటారా?

– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ అబ్బాయి చెప్పినట్టు చేయకండి. ఆయన ఇంట్లో లేని సమయం చూసి ఒక్క చక్రం కూడా కదిలించకండి. తల్లి ఇబ్బంది చూడలేక అబ్బాయి ఆ మాట అన్నాడు, అది నాకు అర్థమైంది. అయినా వద్దు. చాలా ఏళ్ల కిందట అనకాపల్లి వైపు నుంచి ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన పాత ఇనుప చెరకు గానుగను పెరట్లో ఉంచుకుని, అప్పుడప్పుడూ నూనె పోసి పళ్లచక్రాలు తిప్పి చూసుకునేవారు. ఆయన కాశీకి వెళ్లినప్పుడు కొడుకులు దాన్ని కిలోల లెక్కన అమ్మేశారు. తిరిగి వచ్చాక ఆయన ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి మంచినీళ్లు కూడా కోడలిని అడిగి తాగేవారు, తన చేత్తో తాను కుండలో ముంచుకునేవారు కాదు. సొంత ఇంట్లో చుట్టంలా మిగిలిపోయారు. కొడుకులు ఆ గానుగ కోసం తర్వాత ఊళ్లన్నీ తిరిగారు. అది అప్పటికే కరిగిపోయింది.

ఇక జబ్బు సంగతి. వస్తువులు పోగు చేయడం మానసిక రుగ్మతగా మారే మాట నిజమే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది. అయితే వస్తువులు ఎన్ని ఉన్నాయన్నది దానికి గుర్తు కాదు. విలువ ఉన్నా లేకపోయినా దేన్నీ వదులుకోలేకపోవడం, వదలమంటే తల్లడిల్లిపోవడం, చివరికి మంచం మీద పడుకోవడానికీ, వంటింట్లో వండుకోవడానికీ చోటు లేకపోవడం దాని లక్షణాలు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే సామాను పెరడు దాటి లోపలికి రాలేదు. పట్టుకున్న పని ఒకటైనా చివరిదాకా వచ్చింది. అది పూర్తయిన రాత్రి ఆయన మిమ్మల్ని చూడమని పిలిచారు. ఇది నాకు జబ్బులా కనిపించడం లేదు. మీ మనశ్శాంతి కోసం ఒకటి చేయండి. "పనికిరానిది ఏదైనా ఒకటి ఎవరికైనా ఇచ్చేద్దామా?" అని మామూలుగా అడగండి. ఏది ఇవ్వాలి, ఎవరికి పనికొస్తుంది అని ఆయన ఆలోచనలో పడితే భయపడనక్కర్లేదు. తుప్పు పట్టిన ఒక్క బోల్టును కూడా వదలలేక గిలగిల్లాడితే, తిండి, నిద్ర తగ్గిపోతే, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ ఉంది, సంఖ్య 14416.

ఆయనకు ఆ ఇనుములో ఏం దొరుకుతోందో మీకు చెప్పాలని ఉంది. పాత స్కూటరు కదలకపోతే మెకానిక్కు మూడే ప్రశ్నలు వేసుకుంటాడు. పెట్రోలు వస్తోందా? స్పార్కు ఉందా? కంప్రెషన్, అంటే ఇంజను లోపల ఒత్తిడి, ఉందా? ప్లగ్గు విప్పి, తీగకు తగిలించే ఉంచి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి, కిక్ కొడితే నీలిరంగు నిప్పురవ్వ కనిపించాలి. కనిపించకపోతే పాయింట్లు, అంటే స్పార్కుకు కావలసిన కరెంటును కలిపి విడదీసే రెండు చిన్న లోహపు ముక్కలు, చూడాలి. అర మిల్లీమీటరైనా ఉండని ఆ సందులో చిన్న మసి పేరుకున్నా బండి పలకదు. గీకుడు కాగితంతో దాన్ని శుభ్రం చేసి మళ్లీ కొడితే రవ్వ వస్తుంది. తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చేత్తో సరిదిద్దితే సరవుతుంది. ఇప్పటి బండ్లలో చాలా తప్పులు కంప్యూటర్ చెబితేనే తెలుస్తాయి. చేతిలో ఉన్న ఫోనును విప్పడానికి పైకి కనిపించే స్క్రూ కూడా ఉండదు. ముప్పై ఏళ్లకు పైగా ఓడల పంపులూ వాల్వులూ విప్పి బిగించిన మనిషి రిటైరైన మర్నాడు లేచి చూసుకుంటే, తన చేయి అవసరమైనది ఇంట్లో ఒక్కటీ లేదు. ఉద్యోగం పోయిందన్న బాధ కన్నా ఇది లోతైన బాధ. మీకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది కదా. గంట కొట్టినా వెళ్లాల్సిన తరగతి లేని సోమవారం ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకోండి.

పైగా అవి ఎవరివో యంత్రాలు కావు, మన తరం యంత్రాలు. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మనకు తెలుసు. పొద్దున్నే స్కూటరును ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్ కొట్టే నాన్నలను చూస్తూ పెరిగిన వాళ్లం. లాంబ్రెట్టా ఇటలీ కంపెనీ బండి. 1972లో ఆ సంస్థ యంత్రాలను మన ప్రభుత్వం కొని లక్నోకు తెచ్చింది, అక్కడే విజయ్ సూపర్ స్కూటరు తయారైంది. మీ మామగారి బండి మొదటిది కావడం యాదృచ్ఛికం అనుకోను. ఆ బండి హ్యాండిలు పట్టుకున్నప్పుడు ఆయన చేతికి ఇంకొక చేయి తగులుతుంది.

ఇంతవరకు ఆయన వైపు మాట్లాడాను. ఇప్పుడు మీ వైపు మాట్లాడతాను, దీన్ని ఆయనకు కూడా చదివి వినిపించండి.

ఆరు చాలా ఎక్కువ. మీకు చోటు చాలదన్న కారణం ఒక్కటే కాదు, ఆ బండ్లకే అది మంచిది కాదు. మనది విశాఖ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, రంగు లేచిన చోటల్లా ఇనుమును తినేస్తుంది. చేతక్‌కు లాంబ్రెట్టాలా లోపల గొట్టాల ఫ్రేము ఉండదు. రేకుతో మలిచిన ఒళ్లే దాని ఎముకల గూడు. కాళ్లు పెట్టుకునే చోట అడుగు రేకు తుప్పుతో చిల్లులు పడితే బండి బలమే పోయినట్టు. ఆయన ఒకదానికి మెరుగు పెడుతుంటే మిగతా ఐదు పెరట్లో కరుగుతుంటాయి. ప్లాస్టిక్ పట్టా కప్పితే మరీ ప్రమాదం, లోపల చెమ్మ ఆరదు. రామకృష్ణ బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామిని ఇద్దరూ వెళ్లి మరోసారి చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. అలల గాలిలో అంత ఇనుమును నిలబెట్టాలంటే ఎన్ని చేతులు, ఎన్నిసార్లు రంగు, ఎంత శ్రద్ధ కావాలో మీవారికి నాకంటే బాగా తెలుసు. ఒక మనిషి, రెండు చేతులు, కప్పు లేని పెరడు. ఎన్ని బండ్లను బతికించగలరో ఆయన్నే లెక్క వేయమనండి. నా లెక్కలో రెండు. వాళ్ల నాన్నగారి లాంబ్రెట్టా ఒకటి, ఆయన మనసుకు నచ్చిన ఇంకొకటి. అడుగు రేకు పోయిన వాటి నుంచి పనికొచ్చే భాగాలు తీసుకుని, మిగతావి ఆయనే, తన చేత్తోనే, ఇలాంటి బండ్లు బాగు చేసుకునే వాళ్లకు అమ్మాలి. కాగితాలున్న పాత స్కూటరుకు తుక్కు ధర కన్నా మంచి ధర వస్తుంది.

కాగితాల మాట వచ్చింది కాబట్టి, ఇది నన్ను కాస్త కలవరపెట్టింది. ఆ ఆరింటికీ ఆర్‌సీ పుస్తకాలు ఉన్నాయా? పేరు మార్పించారా? బండి ఒంటి మీద కొట్టిన ఛాసిస్ సంఖ్య కాగితంతో సరిపోయిందా? లేకపోతే పెరట్లో బండితోపాటు ఎవరి తగాదానో ఇంటికి తెచ్చుకున్నట్టు. సొంత బండ్లకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మార్చని బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. పాత రిజిస్ట్రేషను ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ మార్కెట్టుకు వేసుకెళ్లకూడదు. ఏ బండినైనా రోడ్డెక్కిస్తే బీమా తప్పదు.

సెలవులకు మనవలు వస్తారేమో మీరు రాయలేదు. వస్తే మాత్రం జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఆరేసిన బట్టల మీద, పిల్లల చేతుల మీద పడుతుంది. తడిపి గీకాలి. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ పొడిని నోటితో ఊదకూడదు. పెట్రోలు డబ్బా వంటింటి గోడకు దూరంగా ఉండాలి. ఇవి మీరు చెబితే ఆయనకు సాధింపులా వినిపించవచ్చు, నేను చెప్పానని చెప్పండి.

ఇప్పుడు డబ్బు. మీ ఉత్తరంలో స్కూటర్ల గురించి రాసిన చోట విసుగు ఉంది. డిపాజిట్టు గురించి రాసిన చోట మాటలు తగ్గిపోయాయి. మీకు తగిలిన దెబ్బ అక్కడ ఉంది. ఆయన అడిగి ఉంటే మీరు కొంత ఇచ్చి ఉండేవారేమో, కానీ ఆయన అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఇద్దరూ నోరు కట్టుకుని కూడబెట్టిన డబ్బు మీకు చెప్పకుండా బయటికి వెళ్లింది. ఇది తప్పు. హాబీ ఎంత మంచిదైనా ఈ తప్పు తప్పే. ఆయన బాధను నేను ఇంతసేపు వివరించానని మీరు దీన్ని మింగేయకండి. కానీ ఈ కోపాన్ని స్కూటర్ల మీద చూపించకండి కూడా. "ఈ తుక్కు తీసేయండి" అని మీరన్నప్పుడల్లా ఆయన తుక్కును కాపాడుకుంటున్నారు, డబ్బు సంగతి పక్కకు పోతోంది. పెరట్లో కాదు, లోపల కూర్చుని, బ్యాంకు పుస్తకం ముందు పెట్టి, స్కూటరు అన్న మాటే ఎత్తకుండా అడగండి: "నాకెందుకు చెప్పలేదు?" ఆయన జవాబు చెప్పేదాకా ఆగండి. నేను వద్దంటానని భయపడ్డారో, సిగ్గుపడ్డారో, ఇది తన సంపాదనే కదా అనుకున్నారో, ఏదైనా సరే ఆయన నోటితో రావాలి.

ఆ తర్వాత లెక్క. 2,40,000లో ఎంత దేనికి అయిందో ఒక పుస్తకంలో రాయమనండి. ఓడల పనిలో లాగ్ పుస్తకం రాసిన అలవాటు ఆయనకు ఉండే ఉంటుంది. అమ్మిన బండ్ల డబ్బు తిరిగి డిపాజిట్టులోకే వెళ్లాలి. నెలకు ఇంత అని ఒక మొత్తం ఇద్దరూ కలిసి అనుకోండి, దాని మీద ఒక్క రూపాయి అయినా మీతో చెప్పాకే. ఒక బండి పూర్తి కాకుండా మరొకటి గేటు లోపలికి రాకూడదు. అబ్బాయికి ఫోను చేసి, ఈ ఏర్పాటు మా ఇద్దరి మధ్య జరిగింది, నువ్వు కలగజేసుకోవద్దు అని మీరే చెప్పండి. వీలైతే పండక్కి వచ్చినప్పుడు తండ్రితో ఒక పూట పాయింట్లు శుభ్రం చేయమనండి. తుక్కు అన్న మాట ఆ తర్వాత అంత తేలికగా రాదు.

ఆ రాత్రి సంగతి ఒకటి మిగిలింది. మీరు ఎన్నేళ్లుగానో పాఠం చెబుతున్నారు. గుణింతాల దగ్గర నెలల తరబడి తడబడిన పిల్లవాడు ఒకరోజు ఒక వాక్యాన్ని ఆగకుండా చదివితే మీకు ఎలా ఉండేది? వెంటనే ఎవరికైనా చెప్పాలని ఉండేది కదా, బహుశా ఇంటికి వచ్చి ఆయనకే చెప్పి ఉంటారు. ఆ రాత్రి ఆయన మసి చేతులతో పెరట్లో నిలబడి పిలిచింది అందుకే. మీరు ముసుగు తీయకపోవడాన్ని నేను తప్పు పట్టను, డిపాజిట్టు సంగతి తెలిసిన నెలలో ఎవరికైనా లేవబుద్ధి కాదు. డబ్బు మాటలు పూర్తయిన మర్నాడు, అంతకు ముందు కాదు, "ఆ బండి నాకు ఒకసారి స్టార్టు చేసి చూపించండి" అని అడగండి. మొదటి కిక్కుకు పలకకపోవచ్చు. పొగ వస్తుంది, టూ స్ట్రోక్ బండి కదా, పెట్రోలులో నూనె కలుస్తుంది. కాస్త దూరంగా నిలబడండి, కానీ లోపలికి వెళ్లిపోకండి.

ఆయిల్ ఇంజను విషయంలో మాత్రం ఇవన్నీ అయ్యేదాకా ఆగనక్కర్లేదు. దాన్ని తులసి కోట దగ్గర నుంచి ఈ వారంలోనే జరిపించమనండి. బరువైనది, ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు మనుషులను పిలిపించుకోమనండి, ఆ కూలి డబ్బు మాత్రం మీరివ్వండి.