పాఠకుల ప్రశ్నలు: అమ్మీటర్ కలిపితే కరెంటు ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: కొత్త సెల్లు 1.55 వోల్టులు చూపిస్తోంది. దానికి 100 ఓంల రెసిస్టర్ కలిపాను. లెక్క ప్రకారం 15.5 మిల్లీ ఆంపియర్లు రావాలి. మల్టీమీటర్‌ను 20 మిల్లీ రేంజిలో పెడితే 13.96, 200 మిల్లీ రేంజిలో పెడితే 15.2 వస్తున్నాయి. చిన్న రేంజిలోనే రీడింగు కచ్చితంగా ఉంటుందని చదువుకున్నాం. మరి ఇదేమిటి? మీటరు పాడైందా?
– డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: మీటరు బాగానే ఉందమ్మా. రెండు రీడింగులూ సరైనవే. మీటరు కలపగానే సర్క్యూట్ మారిపోయింది, అంతే. కరెంటు కొలవాలంటే తీగ విప్పి మీటరును శ్రేణిలో పెట్టాలి. అప్పుడు దాని అంతర్నిరోధం మీ 100 ఓంలకు తోడవుతుంది.

830 రకం చిన్న డిజిటల్ మీటర్లలో లోపలి చిప్ కొలిచేది వోల్టేజీనే. కరెంటును ఒక షంట్ రెసిస్టర్ గుండా పంపి, దాని మీద పడిన వోల్టేజీని చదువుతుంది. ఏ రేంజిలోనైనా రీడింగు నిండుకు వచ్చేసరికి షంట్ మీద 200 మిల్లీవోల్టులు పడాలి. అందుకే 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలో షంట్ 1 ఓం, 20లో 10 ఓంలు, 2లో 100 ఓంలు, 200 మైక్రో ఆంపియర్లలో ఏకంగా 1000 ఓంలు. ఫ్యూజు, ప్రోబు తీగలు కలిపి మీ మీటరులో ఇంకో ఓం ఉన్నట్టుంది. 1.55ను 111తో భాగించి చూడండి, 13.96 వస్తుంది. 102తో భాగిస్తే 15.2.

చిన్న రేంజిలో అంకెలు ఎక్కువ కనిపిస్తాయన్నది నిజమే. కానీ ఆ రేంజిలో మీటరు నిరోధం కూడా పెరుగుతుంది. సర్క్యూట్ నిరోధం మీటరు నిరోధానికి కనీసం వంద రెట్లు ఉంటే తప్పు ఒక శాతం లోపే. మీ దగ్గర తొమ్మిది రెట్లే ఉంది.

అసలు కరెంటు కావాలంటే రీడింగును (సర్క్యూట్ నిరోధం + మీటరు నిరోధం)తో గుణించి, సర్క్యూట్ నిరోధంతో భాగించాలి. 13.96 × 111 ÷ 100, లేదా 15.2 × 102 ÷ 100, ఏది చేసినా 15.5 దగ్గరికే వస్తుంది. మీటరు నిరోధం తెలియకపోతే రెండో మల్టీమీటర్ తీసుకుని 200 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. మొదటి మీటరులో కరెంటు పారుతుండగా, దాని రెండు ప్రోబుల కొసల మధ్య వోల్టేజీ చూడండి. మీ సర్క్యూట్‌లో 20 మిల్లీ రేంజికి 153 లేదా 154 రావాలి. దాన్ని 13.96తో భాగిస్తే 11 ఓంలు. రేంజి మారిస్తే మళ్లీ కొలవాలి.

అయితే మీ సర్క్యూట్‌కు ఇంత శ్రమ అక్కర్లేదు. తీగ విప్పకుండా 100 ఓంల రెసిస్టర్ కొసల మధ్య వోల్టేజీ కొలిచి, 100తో భాగించండి. వోల్టుల రేంజిలో మీటరు నిరోధం మెగా ఓంలలో ఉంటుంది కనుక సర్క్యూట్ కదలదు. ఒక్క జాగ్రత్త: బంగారు గీత ఉన్న రెసిస్టర్ 95 నుంచి 105 ఓంల మధ్య ఎంతైనా ఉండొచ్చు. ముందు దాన్ని విడిగా ఓంల రేంజిలో కొలవండి. లేకపోతే పైన చేసిన సవరణ కన్నా ఈ తేడాయే పెద్దది కావచ్చు.

ప్రశ్న: తిత్లీ తుపాను నాటి నుంచి మా ఉద్దానం వైపు సోలార్ లాంతర్లు దగ్గర పెట్టుకుంటున్నాం. వాటిని బాగు చేస్తుంటాను. కరెంటు చూద్దామని మీటరు పెడితే వెలుగు తగ్గిపోతోంది. 3.7 వోల్టుల సెల్లుకు ఒకటి రెండు ఓంలు ఒక లెక్కా?
– సోలార్ మెకానిక్, సోంపేట

జవాబు: లెక్కే. తెల్ల ఎల్ఈడీ తనే 3.1 వోల్టుల దాకా తీసుకుంటుంది. రెసిస్టర్‌కు మిగిలేది 0.6 వోల్టు. అది 4.7 ఓంలదైతే కరెంటు 128 మిల్లీ ఆంపియర్లు. 2 ఓంల మీటరు దూరితే 90కి పడిపోతుంది. కరెంటు తగ్గితే ఎల్ఈడీ వోల్టేజీ కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి నిజంగా పడేది ఇంతకన్నా కొద్దిగా తక్కువ. ఏమైనా సెల్లు వోల్టేజీ చూసి ధీమా పడకండి, ఎల్ఈడీ పోను ఎంత మిగిలిందో చూడండి.

బోర్డు మీద వోల్టేజీ పెంచే సర్క్యూట్ ఉంటే తప్పు తిరగబడుతుంది. అది ఒకే పవర్ లాగుతుంది కాబట్టి వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచుకుంటుంది. 3.7 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ తీసుకునేది, మీటరు తీగల్లో 0.2 వోల్టు పోతే 1.06 ఆంపియర్లు తీసుకుంటుంది.

0.1 ఓం, 5 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి కొని సెల్లు తీగలో శ్రేణిలో టంకం పెట్టండి. దాని కాళ్ల మొదట్లోనే ప్రోబులు ఆనించి మిల్లీవోల్టులు చదవండి. 1 మిల్లీవోల్టుకు 10 మిల్లీ ఆంపియర్లు. ప్రోబులు పక్క తీగ మీద పెడితే తీగ నిరోధం, టంకం నిరోధం కూడా రీడింగులో కలిసిపోతాయి. 0.1 ఓం దగ్గర అది చిన్న తప్పు కాదు.

ప్రశ్న: బండి ఆపి ఉన్నా బ్యాటరీ దిగిపోతోంది. లీకేజీ కొలిచేటప్పుడు కూడా ఈ సవరణ చెయ్యాలా?
– చీపురుపల్లి పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. 12 వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్లంటే సర్క్యూట్ నిరోధం 400 ఓంలు. 2 ఓంల మీటరు వల్ల తప్పు అర శాతమే. ముందు 10 ఆంపియర్ల రేంజితో మొదలుపెట్టి, కరెంటు 200 మిల్లీ లోపే అని తేలాకే కిందికి దిగండి. మీటరు కలిపి ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. చవక మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజు ఉండదు, లోపలి షంట్ 0.01 ఓం మాత్రమే. ప్రోబు ఆ సాకెట్‌లోనే ఉండగా వోల్టులు చూద్దామని బ్యాటరీ మీద పెడితే అది నేరుగా షార్టే. పని అవగానే ప్రోబును వోల్టుల సాకెట్‌లోకి మార్చేయండి.