పదో రోజు రక్త పరీక్ష వద్దనొచ్చా?

ప్రశ్న: అమ్మాయి పురిటికని తెనాలి నుంచి టెక్సస్ వచ్చాను. మనవరాలు పుట్టిన మర్నాడే మడమ మీద గుచ్చి రక్తం తీశారు. పదో రోజు మళ్లీ తీసుకురమ్మన్నారు. మాకు పురుడు వెళ్లేదాకా బాలింతనీ బిడ్డనీ గడప దాటించరు. పిల్లకి ఏ లోటూ లేదు, బంగారంలా పడుకుంటుంది, ఏడుపే లేదు. మతం ఒప్పుకోదని రాసిస్తే పరీక్ష మానేయొచ్చని, ఆ రక్తాన్ని ప్రభుత్వం దాచుకుంటుందని అల్లుడి స్నేహితుడు చెప్పాడు. వద్దనమంటారా డాక్టరమ్మా?
- ఓ అమ్మమ్మ, డాలస్

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. ఈ పరీక్ష తమ మత విశ్వాసానికి విరుద్ధమని తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే టెక్సస్ చట్టం మినహాయింపు ఇస్తుంది. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. నెబ్రాస్కాలో మతం పేరుతో వద్దన్న ఓ జంటకి 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు పరీక్ష చేయించాల్సిందేనని తీర్పు చెప్పింది. కానీ మీకు అడ్డొస్తున్నది పురిటి మైల. దానికి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

'ఏడుపే లేదు' అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను.

1986లో మా మేనత్త కూతురికి ఆడపిల్ల పుట్టింది. నేనప్పుడు మెడిసిన్ రెండో ఏడు. లేపి పాలు పట్టాల్సి వచ్చేది. మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం అయ్యేది కాదు. నెల దాటినా ఒంటి మీద పసుపు పోలేదు. బొడ్డు కాస్త ఉబ్బి ఉండేది. ఏడిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. 'ఎంత బుద్ధిమంతురాలో, తల్లిని ఒక్క రాత్రి కూడా లేపదు' అని ఊరంతా మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. ఏడో నెల వచ్చినా మెడ నిలవకపోతే గుంటూరు తీసుకెళ్లారు. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేదన్నారు. మాత్రలు మొదలుపెట్టాక ఎత్తు పెరిగింది గానీ, తెలివి ఎదగలేదు. ఇప్పటికీ నేను వెళితే నా చీర కొంగు పట్టుకుని వదలదు.

మీ మనవరాలికి ఇదే ఉందనడం లేదు, ఉండకపోయే అవకాశమే ఎక్కువ. కానీ ఈ జబ్బు ఉన్న పిల్లలు చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు, తల్లి ఒంట్లోంచి వచ్చిన థైరాయిడ్ హార్మోన్ కొన్నాళ్లు కాస్తుంది. మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే చాలావరకు అందరిలాగే పెరుగుతారు. టెక్సస్‌లో 24 నుంచి 48 గంటల మధ్య ఒకసారి, 7 నుంచి 14 రోజుల మధ్య ఇంకోసారి పరీక్ష చేసేది ఇందుకే. కొన్ని కేసులు మొదటిసారి దొరక్క రెండోసారి బయటపడతాయి.

సూది సంగతి అంటారా, ముందు మడమకి వేడి కాపడం పెడతారు. మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్కల్ని కార్డు మీది గుండ్రాలకి అద్దుతారు. ఆ సమయంలో అమ్మాయిని పాలివ్వమనండి, పిల్ల అంతగా ఏడవదు.

రక్తం దాచుకుంటారన్న భయం ఊరికే పుట్టలేదు. 2009లో తల్లిదండ్రులు కోర్టుకెళితే, అనుమతి లేకుండా దాచిన 50 లక్షలకు పైగా కార్డుల్ని టెక్సస్ నాశనం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు దానికి విడిగా ఒక ఫారం ఇస్తారు. మీ అమ్మాయి అందులో 'వద్దు' అని రాస్తే కార్డుని రెండేళ్లలోపు నాశనం చేస్తారు. పరీక్ష మాత్రం జరుగుతుంది. కాబట్టి దాచొద్దనండి, పరీక్ష వద్దనకండి.

ఇక మైల మాట. పదో రోజే వెళ్లడం నాకిష్టం. మనసొప్పకపోతే పదకొండో రోజు పురుడు చేసుకుని, పన్నెండో రోజు పొద్దున్నే వెళ్లండి, గడువులోనే ఉంటారు. క్లినిక్‌కి ఇవాళే ఫోన్ చేయించి తేదీ మార్పించండి, మొదటి పరీక్ష ఫలితం కూడా అడగమనండి. పిల్లని పాలకి లేపాల్సి వస్తోందా, రోజుకి ఎన్నిసార్లు విరేచనం అవుతోంది, ఒళ్లు పచ్చగా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఎంతకీ లేవకపోయినా, పాలు సరిగా తాగకపోయినా పన్నెండో రోజు దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.