యాక్సిడెంట్ భయానికి ఈఎండీఆర్ పనిచేస్తుందా? నా అనుభవం

యాక్సిడెంటై ఏడాది దాటినా బ్రేకు చప్పుడు వింటే ఒళ్లు వణుకుతోందని మీరు రాశారు. డాక్టరుగారు ఈఎండీఆర్ (కళ్లు కదిలిస్తూ చేదు జ్ఞాపకాన్ని తలుచుకునే మానసిక చికిత్స) చేయించుకోమన్నారని, కళ్లు అటూ ఇటూ తిప్పితే భయం ఎలా పోతుందని అడిగారు. మొదట్లో నాకూ అదే అనుమానం.

నాలుగేళ్ల కిందట రాత్రిపూట హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దాటాక, రోడ్డు మీద ఆపి ఉన్న లారీని మా కారు గుద్దింది. డ్రైవ్ చేస్తున్న అన్నయ్యకి కాలు రెండుచోట్ల విరిగింది. నాకు గీరుకుపోయిన గాయాలే. పొద్దున పూజ టైముకి ఉండాలి, రాత్రే బయల్దేరదాం అని పట్టుబట్టింది మాత్రం నేను. ఆ తర్వాత డీజిల్ వాసన తగిలితే చాలు, గుండె దడ. అన్నయ్య కుంటుతూ వస్తుంటే చూడలేక వేరే గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

థెరపీకి వెళ్లాక మొదటి రెండు సెషన్లలో యాక్సిడెంట్ జోలికే పోలేదు. నా గురించి అడిగారు. మనసు కుదుటపడే చోటు ఒకటి తలుచుకోమంటే అమ్మమ్మగారి ఊరి కాలువ గట్టు చెప్పాను. బాధ ఎక్కువైతే అక్కడికి తిరిగి రావడం నేర్పారు.

మూడోసారి, ఆ రాత్రిలో ఎక్కువ బాధపెట్టే దృశ్యం ఏదని అడిగారు. అన్నయ్య చొక్కా జేబులో మెరుస్తున్న అద్దం ముక్కలు. అది చూస్తే మీ గురించి ఏమనిపిస్తుందంటే, ‘అంతా నావల్లే’ అన్నాను. సున్నా నుంచి పదిలో బాధ ఎంత? తొమ్మిది. థెరపిస్టు తన రెండు వేళ్లు నా కళ్ల ముందు అటూ ఇటూ కదిలిస్తుంటే, ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని చూపుతో వేళ్లని వెంబడించాలి. అర నిమిషమో ఏమో, ఆపి, ఊపిరి తీసుకోమని, ‘ఇప్పుడేం వస్తోంది?’ అంటారు. రెండు ముక్కలు చెబితే చాలు, కథంతా చెప్పక్కర్లేదు. నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఇదే, ఎందుకంటే నోరు విప్పి చెప్పడం నావల్ల కాలేదు.

అలా చేస్తుండగా ఒకసారి లారీ వెనకభాగం కనిపించింది. ఒక్క లైటు లేదు. అది నాకు తెలియని సంగతేం కాదు, కానీ మనసుకి ఎక్కింది ఆ రోజే. వెక్కి వెక్కి ఏడ్చాను. కొన్ని వారాలకి తొమ్మిది కాస్తా ఒకటికి వచ్చింది. అన్నయ్యతో కూర్చుని మాట్లాడితే, ‘నాకు అప్పటికే నిద్ర ముంచుకొస్తోందమ్మా, నీకు చెప్పలేదు’ అన్నాడు.

ఈ పద్ధతిని అమెరికన్ సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షాపిరో 1987లో మొదలుపెట్టారు. పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలకుండా వేధించే సమస్య) వాడదగ్గ చికిత్సల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. ఒకేసారి జ్ఞాపకాన్నీ వేళ్లనీ గమనించాల్సి రావడంతో జ్ఞాపకం తీవ్రత తగ్గుతుందని ఒక వివరణ. కళ్ల కదలిక పాత్ర ఎంతన్నదాని మీద పరిశోధకుల్లో వాదన ఇంకా ఉంది. జ్ఞాపకం మాత్రం చెరిగిపోదు. డీజిల్ వాసనకి ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి, కాసేపటికి సర్దుకుంటాయి.

సెషన్ అయిన రోజు రాత్రి నాకు పీడకలలు వచ్చేవి, బాగా నీరసం. ఆ రోజు మీరు బండి నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. మందులు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. ఈఎండీఆర్‌లో ప్రత్యేకంగా ట్రైనింగ్ తీసుకున్నారా అని థెరపిస్టుని మొహమాటం లేకుండా అడగండి. మొదటి సెషన్లలో అసలు విషయంలోకి వెళ్లలేదని డబ్బు దండగ అనుకుని మానేయకండి. నేను రెండోసారికే మానేద్దామనుకున్నాను, అన్నయ్యే కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లాడు.