నీళ్ల రంగు మారింది, రొయ్య మేత తగ్గించింది

ప్రశ్న: వనామీ రకం రొయ్య వేసి యాభై రోజులైంది. మొన్నటిదాకా గుంటలో నీళ్లు లేత గోధుమరంగులో ఉండేవి. వారం వానల తర్వాత ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. గాలివాలు మూలన పెయింటు ఒలికినట్టు తెట్టు కడుతోంది. రొయ్య మేత తగ్గించింది. మందుల షాపులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టమన్నారు. కొట్టమంటారా?
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: దయచేసి కొట్టకండి. నీళ్లకు ఆ రంగు తెచ్చిన నాచంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే గుంటలో ఆక్సిజన్ అయిపోయి, తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి. పైగా వానలకు క్షారత (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) పడిపోయిన నీళ్లలో మైలుతుత్తంలోని రాగి విషం మరింత ఎక్కువగా పనిచేస్తుంది.

గోధుమరంగు ఉన్నన్నాళ్లూ మీ గుంటలో ఎక్కువగా ఉన్నది డయాటమ్‌లు. సిలికాతో గుల్ల కట్టుకునే, కంటికి ఆనని ఈ నాచు రొయ్యపిల్లకు మంచి మేత. వానకు ఉప్పదనం తగ్గింది. మిగిలిన మేత అడుగున కుళ్లి భాస్వరం పెరిగింది. ఈ రెండూ కలిసేసరికి నీలి ఆకుపచ్చ నాచుది పైచేయి అయి ఉంటుంది. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి కనుకే తేలి మూలకు చేరుతుంది. కొన్ని రకాలు రొయ్యకు మట్టివాసన పట్టిస్తాయి, అప్పుడు ధర కూడా పోతుంది. నీళ్లు పరీక్షించే మీటరు ఆ పూట సంగతే చెబుతుంది. రోజుల తరబడి నీళ్లెలా ఉన్నాయో నాచులో తెలుస్తుంది కాబట్టి నేను ముందు రంగే అడుగుతాను.

గాజుసీసాలో గుంట నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి తేలితే అది చాలావరకు నీలి ఆకుపచ్చ నాచే. రూఢి చేసుకోవాలంటే తాజా నీళ్లను ఎండ తగలకుండా తీసుకెళ్లి ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద చూపించండి.

మేత నాలుగో వంతు తగ్గించి, చెక్‌ట్రేలు (మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లేలు) చూస్తూ మెల్లగా పెంచండి. తెట్టును సన్నకంటి వలతో తీసి గట్టుకు దూరంగా పారేయండి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా ఆపవద్దు. ఉదయం, మధ్యాహ్నం పీహెచ్ చూడండి, తేడా 0.5 మించకూడదు. క్షారత 100 పీపీఎంకు తక్కువుంటే డోలమైట్ వేయండి. ఘాటు సున్నం మాత్రం ఇప్పుడు వద్దు, పీహెచ్ ఎగబాకితే అమ్మోనియా విషం పెరుగుతుంది.

మన వైపు వానలు డిసెంబరు దాకా ఉంటాయి. వాననీళ్లు తేలిక, ఉప్పునీటి మీదే నిలుస్తాయి. వాన పడుతుండగానే తూము పైపలకలు తీసి ఆ నీటిని వదిలేయండి. క్రీక్ (ఉప్పునీటి పాయ) నుంచి కొత్త నీళ్లు తోడేముందు అక్కడి రంగూ చూడండి. ఎర్రటి చారలు కనబడితే ఆ పూట మోటారు వేయకండి.