బండి ముక్కు ఎత్తే ముందు

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ థార్ జీపు ముందు వైపు కిందికి వంగినట్టు ఉందని, రెండంగుళాలు పైకి లేపిద్దామని అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని రాస్తున్నాను. బోల్టు మీద పానా పెట్టే ముందు ఇది ఒకటికి రెండుసార్లు చదువు.

నీది 2010లో వచ్చిన పాత తరం బండి. ముందు టోర్షన్ బార్లు, అంటే స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు, వెనక కమాన్ కట్టలు. ఇలాంటి బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం ఎత్తుగా ఉండటం లోపం కాదు. వెనక మనుషులూ సామానూ ఎక్కితే కట్టలు దిగుతాయి, అప్పుడు సమానానికి వస్తుంది. నీకు అదనంగా జరిగింది వేరే. ఇనప బంపరు, దాని మీద వించి (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం) పెట్టించావు. ఆ బరువంతా ముందు చక్రాలకి ఇంకా ముందున వేలాడుతోంది. అది ఎంత దించిందో అంత ఎత్తితే చాలు. రెండంగుళాలన్న లెక్క నీకెవరిచ్చారో గానీ, అది మీ బండిని కొలిచి చెప్పింది కాదు.

ముందు కొలత. టైర్లలో గాలి సరిచూడు, ట్యాంకు నింపు, వించి, స్టెప్నీ, జాకీ అన్నీ ఎప్పుడూ ఉండే చోటే ఉంచు. మీ అపార్టుమెంటు సెల్లారు నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది, అక్కడ వద్దు. మా షెడ్డుకి వచ్చెయ్. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం పట్టి సమం చూసుకున్న నేల ఉంది ఇక్కడ. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు వైపులా రాసుకో. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా అందులో కలిసిపోతాయి. ముందు, వెనక మడ్‌గార్డుల కోత ఒకలా ఉండదు కాబట్టి ఆ అంకెలు ఎంత మారాయో చూడటానికే పనికొస్తాయి. బండి వాలు తెలియాలంటే ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనప చట్రం) మీద రసమట్టం పెట్టాల్సిందే. తర్వాత నువ్వు వంజంగి వెళ్లేటప్పుడు ఎలా వెళ్తావో అలా, నలుగురినీ ఎక్కించి, టెంటూ సామానూ వెనక పెట్టి మళ్లీ కొలువు. అసలు సంగతి ఆ రెండో కొలతలోనే తెలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు అద్దంలా సమంగా నిలబెట్టిన బండి, లోడు ఎక్కాక ముక్కు పైకెత్తుతుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. ఖాళీ బండికి వెనక ఒక సెంటీమీటరో, ఒకటిన్నరో ఎత్తు ఉండనీ. నా మాట అదే.

ఇప్పుడు టోర్షన్ బార్ సంగతి. అదొక ఉక్కు కడ్డీ. ఒక కొస చక్రం పట్టుకున్న ఆర్మ్‌కి, రెండో కొస ఛాసిస్‌కి. చక్రం పైకి లేచినప్పుడల్లా కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, మళ్లీ విప్పుకుంటుంది. ఛాసిస్ దగ్గరున్న బోల్టు బిగిస్తే ఆ కొస తిరిగి, ముందు భాగం లేస్తుంది. చాలామంది అలా బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు. కడ్డీ అదే, దాని గట్టితనమూ అదే. మారేది బండి నిలబడే చోటు మాత్రమే. అయినా గట్టిగా ఎందుకు కొడుతుందంటే, చక్రం కిందికి దిగడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది కాబట్టి.

ఈ చోటు గురించే నీకు ఇంత పొడుగున రాస్తున్నాను అల్లుడూ. చక్రం పైకి లేవడం అందరూ చూస్తారు. గోతిలోకి దిగడం ఎవరూ చూడరు. బండిని ఒక సెంటీమీటరు లేపావంటే, కిందికి దిగే చోటు సరిగ్గా ఒక సెంటీమీటరు పోయినట్టే. కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడి బండి అడిగినంతా లేపి ఇచ్చాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. అరకు వెళ్లి వచ్చాక మళ్లీ తెచ్చాడు. ప్రతి గోతికీ ముందు నుంచి ‘టక్’ మని చప్పుడు. కింద పడుకుని చూస్తే ఆర్మ్ పోయి, అది ఇంకా కిందికి దిగకుండా ఆపే స్టాపర్‌ని కొట్టుకుంటోంది, రబ్బరు చితికిపోయింది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ మరీ వాలుగా తిరగడంతో జాయింట్ మీద రబ్బరు బూటు మడతల దగ్గర చీలి, గ్రీజు చక్రం లోపలంతా చిమ్మి ఉంది. తప్పు నాదే, కొలవకుండా మాటకి లొంగాను. బూటు నా డబ్బుతో వేసిచ్చాను. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తుతాను. వేలాడే చక్రం కొలతలోంచి నిలబడ్డ చక్రం కొలత తీసేస్తే, దిగే చోటు ఎంతో తెలుస్తుంది. బోల్టు తిప్పాక అది ఐదు సెంటీమీటర్ల కంటే తగ్గితే వెనక్కి తిప్పేస్తాను, బండి ఎంత అందంగా ఉన్నా సరే.

పని చేసేటప్పుడు వెనక చక్రాలకి రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టు, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు వెయ్యి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు, ఎంత చిన్న పనైనా. చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు తిప్పాలి. బరువు మీద ఉండగా తిప్పితే మరలు కొరుక్కుపోతాయి. మన వైజాగ్‌లో ఇంకో బెడద తుప్పు. నువ్వు భీమిలి బీచ్ రోడ్డులో తిప్పిన బండి అది, ఆ బోల్టులు ఉప్పుగాలికి పట్టేసి ఉంటాయి. వైరు బ్రష్షుతో గీకి, ముందు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచు. కదలకపోతే బలవంతం చెయ్యొద్దు, గ్యాస్ మంట అసలు చూపించొద్దు. బారు మీద పానా గాటు కూడా పడకూడదు, గాటు పడిన చోటే అది విరుగుతుంది.

తిప్పే ముందు రెండు బోల్టుల మీదా పెయింటుతో గీత గీసి, ఎంత మర బయట ఉందో రాసుకో. సగం తిప్పు చొప్పున, రెండు పక్కలా తిప్పు. తర్వాత కిందికి దించి, పది అడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, బంపరు మీద నాలుగుసార్లు ఊపి, అప్పుడు కొలువు. దించగానే కొలిస్తే టైర్లు పక్కకి పట్టేసి ఉంటాయి, అబద్ధం అంకె వస్తుంది. ఒకడివే డ్రైవ్ చేస్తావు కాబట్టి కుడి పక్క కాస్త ఎక్కువ దిగి ఉండొచ్చు, అక్కడ పావు తిప్పు ఎక్కువ పట్టినా కంగారు పడకు.

అయిపోయిన రోజే ఎలైన్‌మెంట్ చేయించు. ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది, అలాగే తిప్పితే టైరు అంచులు తినేస్తుంది. హెడ్‌లైట్లు కూడా గోడ మీద చూసి కిందికి దించాలి. ఘాట్‌లో ఎదురొచ్చే బస్సు డ్రైవర్ కళ్లలో పడకూడదు.

బండి ఎత్తు పెంచే స్పేసర్లు, లిఫ్ట్ కిట్లు అమ్మేవాళ్లు ఏదో ఒకటి అంటగడతారు, ఇప్పుడే ఒప్పుకోకు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పులు చెయ్యకూడదు. కంపెనీ పెట్టిన బోల్టుతో, కంపెనీ చెప్పిన ఎత్తు దాటకుండా సర్దుకుంటే మనకి ఆ తలనొప్పి లేదు.

శనివారం రాత్రి బోల్టులకి ఆయిల్ కొట్టి, ఆదివారం ఏడింటికల్లా గాజువాక వచ్చెయ్. ట్యాంకు దార్లోనే నింపించు. టేపు, రసమట్టం నా దగ్గరున్నాయి. నీ స్నేహితులు ముగ్గురినీ, ఆ టెంటు సామానునీ కూడా తీసుకురా, లోడు కొలత అప్పుడే తీసేద్దాం. టిఫిన్ అత్తయ్య పెడుతుంది.

ఇట్లు,
మామయ్య