ఫిర్యాదు చేతికి అందిన తరువాత

చిరంజీవికి, ఆశీస్సులు.

అమలాపురంలోని మీ కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి నిన్ను అధ్యక్షురాలిగా నియమించారనీ, అప్పుడే ఒక విద్యార్థిని తన లెక్చరర్‌పై లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చిందనీ రాశావు. ఆ పిల్ల చెప్పింది నిజమేనని నీకు తోచినందువల్ల పదిరోజుల్లో తేల్చివేయాలనుకుంటున్నానన్నావు. ఆ తొందర గురించే ఈ ఉత్తరం.

గోవా విశ్వవిద్యాలయంలో 2009లో ఒక ఆచార్యునిపై విద్యార్థినులు ఫిర్యాదు చేసినప్పుడు, కమిటీ వెంటవెంటనే సమావేశాలు జరిపి, తన వాదన చెప్పుకోవడానికి ఆయనకు తగిన వ్యవధి ఇవ్వకుండానే విచారణ ముగించింది. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ విచారణ ఆధారంగా ఆయనకు వేసిన శిక్షను రద్దు చేసి, విచారణను మళ్లీ జరపమని ఆదేశించింది. ఆయన నిర్దోషి అని కోర్టు అనలేదు; కానీ కమిటీ చేసిన హడావుడికి ఆ అమ్మాయిల ఫిర్యాదు పద్నాలుగేళ్ల తరువాత మళ్లీ విచారణ దశకే వచ్చింది.

కాబట్టి ఇలాంటి ఫిర్యాదుల విచారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015లో చేసిన నిబంధనలను దగ్గర పెట్టుకుని పని చెయ్యి. ఫిర్యాదు ప్రతిని ఏడు రోజుల్లోగా ఆ లెక్చరర్‌కు పంపి, జవాబుకూ, పత్రాలకూ, సాక్షుల జాబితాకూ పదిరోజులు ఇవ్వాలి. విచారణకు 90 రోజుల గడువుంది. సాక్షులను అతను ప్రశ్నించదలిస్తే ఆ ప్రశ్నలను రాతపూర్వకంగా తీసుకుని, అవమానకరమైనవాటిని తీసివేసి, మీరే అడిగి, జవాబులను అతనికి చూపించండి. ఆ పిల్లను అతని ఎదుట కూర్చోబెట్టవలసిన పనిలేదు. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాసి, హాజరైనవారందరిచేత అదేరోజు సంతకాలు చేయించు.

గడువు ఉన్నదంటే అంతవరకు ఆమెను అతని చేతికింద వదిలివేయమని కాదు. ప్రాక్టికల్స్‌లోనూ, ఇంటర్నల్స్‌లోనూ ఆమెకు అతను మార్కులు వేయకుండా చూడమని నిబంధనల ప్రకారమే వెంటనే సిఫారసు చేయవచ్చు.

ఇక మన ప్రాంతపు అసలు చిక్కు వేరు. మండపేట నుంచి రాజోలు వరకు ఎవరి ఇంటిపేరు చెప్పినా ఎవరికో ఒకరికి చుట్టరికం కలుస్తుంది. వారంలోపే ఎవరో మాజీ సర్పంచ్‌గారు వచ్చి, "ఆడపిల్ల భవిష్యత్తు చూడండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. వారిని మర్యాదగా సాగనంపు. రాజీ అన్నది ఫిర్యాదీ తనంతట తాను కోరితేనే మొదలవుతుంది, అప్పుడు కూడా డబ్బు ప్రాతిపదికన జరగకూడదు. తల్లిదండ్రులు కోరారంటే ఆ పిల్ల కోరినట్టు కాదు. ఆమెను విడిగా అడిగి తెలుసుకో. ఇద్దరి పేర్లూ బయటికి పొక్కకుండా చూడవలసిన బాధ్యత కూడా నీదే.

చివరికి ఆరోపణ రుజువు కాకపోతే, అది అబద్ధపు ఫిర్యాదేనని రాయమని ఒత్తిడి వస్తుంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు దురుద్దేశంతో చేసినది కాజాలదు. దురుద్దేశం ఉన్నదని అనడానికి మళ్లీ వేరే ఆధారాలు కావాలి.

కమిటీ కూర్పును ఈ వారమే సరిచూసుకో. విద్యార్థుల వ్యవహారం కనుక ఎన్నికైన ముగ్గురు విద్యార్థి సభ్యులు ఉండాలి, ప్రిన్సిపాల్ ఉండకూడదు, సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలై ఉండాలి. బయటి సభ్యురాలిగా మీ యాజమాన్యానికి దగ్గరివారినెవరినో వేసినట్టు నీ ఉత్తరాన్నిబట్టి అనిపిస్తోంది. అది నిజమైతే మొదటి నోటీసు పంపకముందే, స్త్రీల సమస్యలపై పనిచేసే సంస్థ నుంచి, కాకినాడ నుంచో రాజమహేంద్రవరం నుంచో, మరొకరిని నియమించమని ప్రిన్సిపాల్‌గారిని లిఖితపూర్వకంగా కోరు.

ఇట్లు,
నీ పాత మేడమ్